దిగని స్టేషను

పెదనాన్న పతకం
గొర్రెల చెవిబిళ్లల డబ్బాలో ఉండేది.
రెండింటినీ కలిపి పోసుకుని ఆడుకునేదాన్ని.
బిళ్లకో నంబరు, పతకం అంచు మీదా ఓ నంబరు.
"రెండూ అందుకే, తప్పిపోతే తెలియాలిగా"
అనేవాడు, ఉన్ని కత్తెర నూరుకుంటూ.

దక్షిణ ఆస్ట్రేలియా గోధుమ నేలలో
మా ఊరు ఎర్లెనౌ.
ముత్తాతలు జర్మనీలో ఓడెక్కి వచ్చి
మల్లీ మొద్దులు పెకలించి కట్టుకున్న ఊరు.
ప్రార్థన ఆ భాషలో, పద్దులు ఆ భాషలో,
పాలు పొంగిపోతే తిట్టు కూడా ఆ భాషలోనే.

ట్రౌగోట్ లీనెర్ట్, ఇరవై రెండేళ్లవాడు.
పేరు రాసిస్తే సార్జెంటు రెండుసార్లు చదివాడట.
"ఎటువైపు పోరాడతావోయ్ నువ్వు?"
"బూట్లిచ్చినవాళ్ల వైపు."

తుపాకీ ఇవ్వలేదు, స్ట్రెచర్ మోయమన్నారు.
ఫ్రాన్సులో మోకాటి లోతు బురద.
గోధుమ బస్తాలు మోసిన భుజం కనుక
మనిషి బరువు కొత్త కాలేదు.
బస్తా మాట్లాడదు,
అంతే తేడా.

ఒక రాత్రి, గుళ్ల వానలో,
ముగ్గుర్ని మోసుకొచ్చాడని
పతకంతో వచ్చిన కాగితంలో ఉంది.
"నలుగురు" అనేవాడు పెదనాన్న.
ఎవరు చదివినా, ఎన్నిసార్లు చదివినా,
"నలుగురు."

నాలుగోవాడు ముళ్లతీగ అవతల పడి
నీళ్లడిగాడు.
మా నాయనమ్మ అడిగినట్టే,
అదే యాస, చివరి అక్షరం మింగేసి.
వాడి చొక్కా రంగు వేరు.
కందకం దాకా తెచ్చేసరికి
వాడూ బస్తా అయ్యాడు.

ఈలోగా ఇక్కడ
బడికి తాళం పడింది.
పాస్టరుగారిని బండెక్కించి తీసుకుపోయారు.
ఒక సోమవారం ఇద్దరు మనుషులు నిచ్చెన తెచ్చి
స్టేషను బోర్డుకు తెల్లరంగు పూసి
పైన నల్లగా కెల్‌మోర్ అని రాశారు.
ఆ కెల్‌మోర్ ఎవరో, ఏం చేశాడో,
మాకిప్పటికీ తెలీదు.
నాయనమ్మకు ఇంగ్లీషు రాయడం రాదు.
జర్మన్‌లో రాస్తే ఉత్తరం ఊరు దాటదు.
కాబట్టి పెదనాన్నకు ఎవరూ చెప్పలేదు.

పంతొమ్మిది వందల పంతొమ్మిది, జులై.
గడ్డి మీద మంచు పేరుకున్న రాత్రి.
"కెల్‌మోర్! కెల్‌మోర్!" గార్డు కేక.
ఎవరిదో ఊరనుకుని
గోనె సంచి తలకింద సర్దుకున్నాడు పెదనాన్న.
ప్లాట్‌ఫాం మీద బాండు మేళం ఊదుతూనే ఉంది.
కౌన్సిల్ పెద్దమనిషి చేతిలో ప్రసంగం,
పిల్లల చేతుల్లో కాగితం జెండాలు.
రైలు ఆగింది.
రైలు కదిలింది.

తర్వాతి స్టేషనులో దిగి
తొమ్మిది మైళ్లు పట్టాల వెంట వెనక్కి నడిచాడు.
తెల్లవారుజామున ప్లాట్‌ఫాం మీద
నాయనమ్మ ఒక్కతే, లాంతరుతో.
"బోర్డు చూడలేదట్రా?"
"చూశానమ్మా. మన ఊరింకా రాలేదనుకున్నా."

తర్వాత విందు చేశారు, గడియారం ఇచ్చారు.
రెండు మాటలు చెప్పమంటే లేచి
ఉన్ని ధర బాగా పడిపోయిందన్నాడట,
కూర్చున్నాడట.

ఆ ఏడే ఒక కుక్కపిల్లను తెచ్చి
ఎర్లెనౌ అని పేరు పెట్టాడు.
ఊళ్ల పేర్లకు చట్టం వచ్చింది గానీ
కుక్కల పేర్లకు రాలేదు.
పొద్దువాలగానే గేటు రెండో కమ్మీ ఎక్కి
గలా పిట్టలు గుంపుగా లేచిపోయేలా
పొలం ఈ కొస నుంచి ఆ కొసకు అరిచేవాడు.
దారిన పోయే కౌన్సిల్ వాళ్లు
గుర్రాన్ని కాస్త తొందరపెట్టేవాళ్లు.

ఆ పేరుతో వరసగా నాలుగు కుక్కలు.
నాకు తెలిసింది నాలుగోది.
దానికో చెవి వంగి ఉండేది,
ముసలిదై కళ్లు సరిగా కనబడేవి కావు.
అయినా, పిలిస్తే
వచ్చేది.